మగ్గం నుంచి మొదలయ్యే రూపకల్పన: హైదరాబాద్ సంప్రదాయ వస్త్రాలు – సుస్థిర ఫ్యాషన్

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
– సుస్థిర ఫ్యాషన్ అంటే ఏమిటో వివరించగలుగుతారు.
– మష్రూ, హిమ్రూ, తేలియా రుమాల్ వస్త్రాల నేతను గుర్తించి, దానికి తగిన దుస్తులను సూచించగలుగుతారు.
– చేనేత బట్ట వృథా కాకుండా కత్తిరించే పద్ధతిని చెప్పగలుగుతారు.

7.1 పరిచయం

హైదరాబాద్ పాతబస్తీలోని పురానీ హవేలీని చూసినవారికి అక్కడి పొడవాటి దుస్తుల గది గుర్తుండే ఉంటుంది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ (పాలనాకాలం 1869–1911) దుస్తుల కోసం బర్మా టేకుతో రెండు అంతస్తులుగా కట్టిన బీరువాల వరుస అది. ఆయన ఒకసారి తొడిగిన దుస్తులను మళ్లీ తొడిగేవారు కాదని చెబుతారు. ఆనాడు అది ఒక ప్రభువు విలాసం. ఈనాడు చవక దుస్తుల పుణ్యమా అని అదే అలవాటు మామూలు ఇళ్లలోకి వచ్చింది. నాలుగైదు సార్లు వేసుకున్న బట్ట పాతదైపోతోంది.

తయారీలో నీటిని, రంగులను, విద్యుత్తును పొదుపుగా వాడటం, నేసినవారికి, కుట్టినవారికి తగిన ప్రతిఫలం ఇవ్వడం, దుస్తులు ఎక్కువ కాలం మన్నేలా చూడటం – ఈ మూడూ కలిసినదే సుస్థిర ఫ్యాషన్. చేనేత మగ్గానికి విద్యుత్తు అక్కరలేదు. అంతమాత్రాన చేనేతతో కుట్టిన ప్రతి దుస్తూ సుస్థిరమైనది కాదు. ఆ బట్టను డిజైనర్ ఎలా వాడారన్నదే ముఖ్యం. కాబట్టి రూపకల్పన కాగితం మీది బొమ్మతో కాక, బట్ట నేతతో మొదలుకావాలి.

7.2 నేతను చదవడం

మష్రూ: ఇందులో పడుగు పట్టు, పేక నూలు. పట్టు పైకి మెరుస్తుంది, నూలు లోపల ఒంటికి తగులుతుంది. ముస్లిం పురుషులు పట్టును నేరుగా ఒంటికి తగిలేలా ధరించరాదన్న నియమానికి ఈ నేత ఒక పరిష్కారం. ఎండ ఎక్కువగా ఉండే దక్కన్‌లో ఒంటికి హాయి కూడా. దీని అంచులు కోసినచోట దారాలు సులభంగా ఊడతాయి. అందుచేత కుట్టు లోపల బట్టను ఎక్కువగా వదలాలి.

హిమ్రూ: నూలు, పట్టు కలిపి, అదనపు పేకతో పూలు, తీగలు నేసే వస్త్రం. ఔరంగాబాద్, హైదరాబాద్ దీనికి పేరుపొందాయి. నమూనాలో కనిపించని దారాలు బట్ట వెనుక వదులుగా ఉంటాయి. ఉంగరానికో గాజుకో తగిలితే అవి లాగుకుపోతాయి. కనుక షేర్వానీకైనా జాకెట్టుకైనా లోపల మెత్తని నూలు లైనింగ్ తప్పనిసరి.

తేలియా రుమాల్: నూలును నూనెతో, ఆముదపు కాయల బూడిదతో నానబెట్టి, చిటికి కట్టి, ఎరుపు, నలుపు రంగులు అద్ది నేస్తారు. చీరాల ప్రాంతంలో పుట్టిన ఈ నేతకు నేడు యాదాద్రి భువనగిరి జిల్లాలోని పుట్టపాక ప్రధాన కేంద్రం. 2020లో పుట్టపాక తేలియా రుమాల్‌కు భౌగోళిక గుర్తింపు లభించింది. ఒకప్పుడు అరబ్బు దేశాలకు తలపాగా గుడ్డగా ఎగుమతి అయ్యేది. నాలుగు వైపులా అంచుతో చతురస్రంగా ఉంటుంది కాబట్టి, దాన్ని కోస్తే నమూనా చెడుతుంది. దుపట్టాగానో, శాలువాగానో కోయకుండా వాడటమే మేలు.

7.3 కత్తిరింపులో పొదుపు

పాతబస్తీ పెళ్లికూతురు ధరించే ఖడా దుపట్టాను గమనించండి. సుమారు 6 గజాల నిడివి గల ఆ బట్టను కోయకుండానే భుజాల మీదుగా అమర్చుతారు. పాతకాలపు కళీదార్ కుర్తాలో కోత ఉన్నా వృథా తక్కువ. ఒక దీర్ఘచతురస్రపు ముక్కను మూలగా కోస్తే రెండు కళీలు వస్తాయి. చంక కింద చిన్న చతురస్రపు ముక్క వేస్తే చేయి కదలడానికి వీలవుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మీటరు 600 రూపాయల చేనేత బట్ట 2.5 మీటర్లు కొన్నారనుకోండి. ఖర్చు 1,500 రూపాయలు. ఒంపుల కత్తిరింపు వల్ల అందులో ఐదో వంతు, అంటే అర మీటరు పీలికలైతే, పోయింది 300 రూపాయలు మాత్రమే కాదు. నేసినవారి శ్రమలో ఐదో వంతు చెత్తబుట్టలో పడింది. అందుకే ముందు బట్ట పన్నా కొలిచి, ఆ కొలతలో ఇమిడేలా ముక్కలను అమర్చుకోవాలి.

7.4 మగ్గం నిలిస్తేనే

బట్టను పొదుపుగా వాడినా, నేసేవారు లేకపోతే ఆ విద్య నిలవదు. హిమ్రూ నేత నెమ్మదిగా సాగే పని. క్లిష్టమైన నమూనా రోజుకు కొన్ని అంగుళాలే నడుస్తుంది. రాజాస్థానాల ఆదరణ పోయాక ఈ నేత క్షీణించింది. సురయ్యా హసన్ బోస్ (1928–2021) హైదరాబాద్‌లోని రాయదుర్గం వద్ద తన నేతశాలలో హిమ్రూ, మష్రూ, పైఠానీ, జామావార్ నేతలకు మళ్లీ ప్రాణం పోశారు. భర్తను కోల్పోయిన స్త్రీలకు నేత నేర్పి ఉపాధి కల్పించారు. అదే ఆవరణలో పిల్లల కోసం సఫ్రానీ మెమోరియల్ పాఠశాలను నడిపారు. పాత నమూనాలను కాపాడటం, వాటిని నేసే కుటుంబాలను కాపాడటం వేర్వేరు పనులు కావని ఆమె కృషి తెలుపుతుంది.

7.5 ధర, మన్నిక, నకిలీ

చేనేత ఖరీదైనదన్న అభ్యంతరం మీకు తరచు ఎదురవుతుంది. ధరను ఎన్నిసార్లు తొడిగారో దానితో భాగించి చూడండి. 2,400 రూపాయల కుర్తాను 80 సార్లు తొడిగితే ఒక్కోసారికి 30 రూపాయలు. 600 రూపాయల కుర్తా 10 సార్లకే పాడైతే ఒక్కోసారికి 60. అయితే ఈ లెక్క నిజం కావాలంటే దుస్తులు అంతకాలం నిలవాలి. ఒళ్లు చేసినప్పుడు విప్పి కుట్టుకునేలా లోపల బట్ట వదలడం, చిరిగినచోట వేయడానికి అదే బట్ట ముక్కను దాచి ఇవ్వడం డిజైనర్ బాధ్యత.

నకిలీల పట్ల కూడా జాగ్రత్త అవసరం. చిటికి నేతలో నూలుకే రంగు పడుతుంది కాబట్టి బట్ట రెండు వైపులా ఒకేలా ఉంటుంది, నమూనా అంచులు కాస్త చెదిరినట్లు కనిపిస్తాయి. అచ్చు వేసిన బట్ట వెనుకవైపు సాధారణంగా వెలిసినట్లు ఉంటుంది.

7.6 సారాంశం

నేత స్వభావాన్ని బట్టి దుస్తులను ఎంచుకోవడం, పన్నాను బట్టి కత్తిరించడం, నేసినవారికి తగిన ధర ఇవ్వడం, మరమ్మతుకు వీలుగా కుట్టడం – ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లోపించినా సుస్థిరత పేరుకే మిగులుతుంది.

7.7 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మష్రూ వస్త్రంలో పట్టు, నూలు ఏ విధంగా అమరి ఉంటాయి?
2. హిమ్రూ దుస్తులకు లైనింగ్ ఎందుకు అవసరం?
3. కృత్యం: మీ ఇంట్లోని పాత చేనేత చీర ఒకటి తీసుకుని పన్నా, నిడివి కొలవండి. అంచు, చెంగు వృథా కాకుండా దానితో ఒక కుర్తా కుట్టడానికి కత్తిరింపు పటం గీయండి. మిగిలిన ముక్కలను దేనికి వాడతారో రాయండి.