ఫస్ట్ షో కన్నీళ్లు, సెకండ్ షో బూతులు

2007లో మూడు వారాల తేడాతో రెండు సినిమాలు వచ్చాయి. ఆగస్టు 17న అమెరికాలో ‘సూపర్‌బ్యాడ్’, సెప్టెంబరు 7న బ్రిటన్‌లో ‘అటోన్‌మెంట్’. మొదటిది హైస్కూలు కుర్రాళ్ల బూతు కామెడీ. రెండోది ఇయాన్ మెక్‌యూవన్ నవల ఆధారంగా జో రైట్ తీసిన విషాద ప్రేమకథ. ఈ రెంటికీ ప్రేక్షకులే వేరనుకోవడం మామూలు. కానీ ఒకే రాత్రి వెంటవెంటనే చూస్తే, విడిగా చూసినప్పుడు కంటికి ఆనని సంగతులు కొన్ని బయటపడతాయి. వరస ముఖ్యం: ముందు ‘అటోన్‌మెంట్’, తర్వాత ‘సూపర్‌బ్యాడ్’.

1935 వేసవి, ఇంగ్లండ్‌లో ఒక పెద్దింటి బంగళా. అక్కడి పనిమనిషి కొడుకు రాబీ, యజమాని డబ్బుతో కేంబ్రిడ్జిలో చదివినవాడు. ఆ ఇంటి అమ్మాయి సిసీలియాకు క్షమాపణ రాయడానికి టైప్‌రైటర్ ముందు కూర్చుంటాడు. ఏ వాక్యమూ కుదరదు. తనలో తాను నవ్వుకుంటూ ఒక పచ్చి మాట కొడతాడు. కాగితం మీద ఆ అక్షరాలు పడడాన్ని కెమెరా బాగా దగ్గరగా చూపిస్తుంది. తర్వాత చేత్తో పద్ధతిగా మరో ఉత్తరం రాస్తాడు గానీ, పొరపాటున కవరులోకి మొదటిదే వెళ్తుంది. దాన్ని అక్కకు అందించాల్సిన పదమూడేళ్ల బ్రయొనీ దారిలోనే విప్పి చదివేస్తుంది. ఆ రాత్రి చీకట్లో చుట్టాలమ్మాయి మీద అఘాయిత్యం జరిగితే, చేసింది రాబీయేనని, తన కళ్లతో చూశానని పోలీసులకు చెబుతుంది. రాబీ జైలుకెళ్తాడు. అక్కడి నుంచి రెండో ప్రపంచ యుద్ధానికి.

ఫ్రాన్స్‌లోని డన్‌కర్క్ తీరాన్ని చూపించే ఒకే ఒక్క షాట్ దాదాపు ఐదు నిమిషాలు కట్ లేకుండా సాగుతుంది. రెడ్‌కార్ బీచ్‌లో సుమారు వెయ్యి మంది జూనియర్ ఆర్టిస్టులతో తీశారు. గుర్రాలను కాల్చేవాళ్లు, పాట అందుకున్న సైనికులు, వెనక తిరుగుతున్న జెయింట్ వీల్ అన్నీ ఒకే చూపులో దాటిపోతాయి. టైప్‌రైటర్ టకటకలను తాళంగా వాడుకున్న డారియో మారియనెల్లి సంగీతానికి ఆస్కార్ వచ్చింది.

ఈ బరువు దిగకముందే ‘సూపర్‌బ్యాడ్’ మొదలైతే తొలి పది నిమిషాలు చిరాకు పుట్టిస్తాయి. సేత్, ఇవాన్ అనే స్నేహితులకు నోరు తెరిస్తే బూతే. పార్టీకి మందు తెస్తే అమ్మాయిలు దగ్గరవుతారని వాళ్ల ఆశ. ఇంకో మిత్రుడు ఫోగెల్ తెచ్చిన దొంగ గుర్తింపు కార్డులో పూర్తి పేరు లేదు. ‘మెక్‌లవిన్’ అనే ఒక్క పేరు, వయసు 25, రాష్ట్రం హవాయి! సేత్ రోగెన్, ఇవాన్ గోల్డ్‌బర్గ్ ఈ స్క్రిప్టును పదమూడేళ్ల వయసులో రాయడం మొదలుపెట్టి, పాత్రలకు తమ పేర్లే పెట్టుకున్నారు. బ్రయొనీ వయసూ అదే మరి.

వెంటవెంటనే చూడడం వల్ల ఒరిగే లాభం ఇక్కడే తెలుస్తుంది. ఒక సినిమాలో కాగితం మీది ఒకే ఒక్క బూతు ప్రాణాల మీదికి తెస్తుంది. రెండోదానిలో బూతులకు లెక్కే లేదు, ఎవరికీ ఏమీ కాదు. పోలీసులకు చెప్పిన అబద్ధం రాబీని జైలుకు పంపితే, ఫోగెల్‌ను మాత్రం పోలీసులు కారెక్కించుకుని ఊరంతా తిప్పుతారు. కుర్రాడని తెలిసే అతని ఆట సాగనిస్తారు. పనిమనిషి కొడుకు గురించి ఎంత చెడు చెప్పినా నమ్మడానికి ఆ బంగళా ముందే సిద్ధంగా ఉంది. శివారు కాలనీల్లోని ఈ మధ్యతరగతి కుర్రాళ్లకేమో లోకం ఎన్ని తప్పులైనా మన్నిస్తుంది. ‘అటోన్‌మెంట్’లోని వర్గ భేదం ఎంత కర్కశమైనదో కామెడీ చూశాకే పూర్తిగా అర్థమవుతుంది.

ఇంకో సన్నివేశం. పార్టీలో తప్పతాగిన బెక్కా, ఇవాన్ మనసుపడ్డ అమ్మాయి, తనంతట తానే మీద పడితే, సినిమా అంతా ఆ క్షణం కోసమే తపించిన ఇవాన్ వెనక్కి తగ్గుతాడు. ఆమె తాగి ఉంది, ఇది పద్ధతి కాదంటాడు. విడిగా చూస్తే ఇది నవ్వుల మధ్య కొట్టుకుపోతుంది. బ్రయొనీ ఇంటి తోటలో జరిగిన అఘాయిత్యం చూసి వచ్చినవాళ్లకు మాత్రం ఈ మోటు సినిమాలోని మర్యాద స్పష్టంగా కనిపిస్తుంది.

విషాదం పక్కనే వెకిలి హాస్యాన్ని నిలబెట్టడం పాత అలవాటే. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో ఏథెన్స్ కవులు ఉత్సవంలో మూడు విషాద నాటకాలాడించి, వాటి వెనకే ‘సాటిర్ నాటకం’ అనే మోటు హాస్య నాటకం ఒకటి వేయించేవారు. మన తోలుబొమ్మలాటలో రామాయణం మధ్యలోనే జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు దిగి పచ్చి సరసాలాడతారు.

అవార్డుల వాళ్లు మాత్రం ఈ రెంటినీ ఒక్కచోట కూర్చోబెట్టలేదు. ‘అటోన్‌మెంట్’కు ఏడు ఆస్కార్ నామినేషన్లు, ‘సూపర్‌బ్యాడ్’కు ఒక్కటీ లేదు. నటీమణులే ఆ గోడ దాటారు. ‘సూపర్‌బ్యాడ్’తో వెండితెరకొచ్చిన ఎమ్మా స్టోన్ 2018లో ‘ది ఫేవరెట్’లో 18వ శతాబ్దపు ఇంగ్లండ్ రాణివాసానికి చేరింది. చిన్నారి బ్రయొనీగా నటించిన సర్షా రోనన్ 2017లో ‘లేడీ బర్డ్’లో అమెరికా హైస్కూలు పిల్ల అయింది. అందులో ఆమె ప్రాణస్నేహితురాలిగా చేసిన బీనీ ఫెల్డ్‌స్టీన్, ‘సూపర్‌బ్యాడ్’లో సేత్‌గా నటించిన జోనా హిల్‌కు స్వయానా చెల్లెలు.