తేయాకు మొక్కయు, తేయాకు రకములును

పుదుచ్చేరిలోని ఒర్లియంపేట తేనీటి యంగళ్ళలో వాడబడు పొడి యిచ్చట పండినది కాదు. తేయాకునకు విస్తారమైన వర్షమును, నీరు నిలువని ఆమ్లగుణము గల నేలయు వలయును. నీలగిరులు, అస్సాము అట్టి ప్రదేశములు.

పచ్చ, నల్ల, ఊలాంగు, తెల్ల తేయాకులు వేర్వేరు మొక్కలవి కావు. అన్నియు కామెల్లియా సైనెన్సిస్ అను నొక్క మొక్క నుండియే వచ్చును. భేదము తయారుచేయు విధమునందే కలదు. కోసిన వెంటనే వేడి తగిలించి యాకు రంగు మాఱకుండ నాపినచో పచ్చ తేయాకగును. వాడ్చి, నలిపి, గాలికి పూర్తిగా రంగు మాఱనిచ్చి యెండించినచో నల్ల తేయాకు. నడుమ నాపినచో ఊలాంగు. లేత మొగ్గలను నలుపక యారబెట్టినచో తెల్ల తేయాకు.

అంగళ్ళలో విరివిగా వాడు సన్నని పలుకులు, ఆకును యంత్రములచే నలిపి, చించి, చుట్టి చేసిన నల్ల తేయాకే. ఇట్లు రూపు మాఱిన దానిలో, కాచి తీసిన పిప్పి నెండబెట్టి రంగు పూసి కలిపినను కంటికి తెలియదు. త్రాగువానికి సారమునకు మాఱుగా రంగునీరు దక్కును. 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణముల చట్టము క్రింద 2011లో ఏర్పడిన నిబంధనలు తేయాకునకు రంగు కలుపుటను నిషేధించినవి.

తనిఖీయందు వడపోత కాగితముపై కొంత పొడి పఱచి, నీరు చిలుకరించి, పిమ్మట పొడిని తీసి, కాగితమును కడిగి వెలుతురులో జూడవలెను. ముదురు గోధుమవర్ణపు మరక నిలిచినచో, నమూనాను ఆహార భద్రతాధికారి ద్వారా పరీక్షాశాలకు పంపవలెను.