శుభలేఖ వేషమున వచ్చు చోరుడు

పెండ్లి ముహూర్తములు మొదలైనవనగా మన సెల్‌ఫోనులకు శుభలేఖలు రాసాగును. పూర్వము ఇంటికి వచ్చి, బొట్టుపెట్టి పిలిచెడివారు; ఇప్పుడు వాట్సాపులో పంపి యూరకుందురు. ఆ చర్చ యటుంచుదము. ఈ శుభలేఖల చాటున ఒక దొంగతనము సాగుచున్నది. 2024 నవంబరులో హిమాచల ప్రదేశ్ పోలీసులు దీనిని గూర్చి ప్రజలను హెచ్చరించిరి. ట్రాఫిక్ జరిమానా యనియు, పి.ఎం. కిసాన్ సొమ్మనియు వేరు వేషములు కూడ దీనికి కలవు.

విద్యార్థులారా, శుభలేఖ బొమ్మయైనను, పి.డి.ఎఫ్. అయినను తెరచి చూచుటకే గాని ఫోనులో స్థాపించుటకు కాదు. పేరు చివర 'ఏపీకే' యను మూడక్షరములున్నచో అది లేఖ కాదు, ఆండ్రాయిడ్ ఫోనులో పనిచేయు ఒక యంత్రాంగము. దానిని తాకగానే హాని కలుగదు. 'తెలియని చోటినుండి వచ్చినది, స్థాపింతువా?' యని ఫోనే యడుగును. సరే యన్న పిదప అది ఎస్సెమ్మెస్సులు చదువుటకు అనుమతి కోరును. పెండ్లిపిలుపునకు మన ఎస్సెమ్మెస్సులతో పనియేమి? బ్యాంకు పంపు ఓటీపీ అందులోనే వచ్చును గదా! దానిని దొంగకు చేరవేయుటకే యీ అనుమతి. అటుపిమ్మట మన పేరుననే బంధువులకెల్ల అదే ఫైలు పోవును. కావున మామయ్య నంబరునుండి వచ్చినంత మాత్రమున మామయ్యయే పంపెనని నమ్మరాదు; ఆయనకు ఫోను చేసి యడుగవలెను.

ఈ యుపాయము క్రొత్తది కాదు. 2000 మే 4వ తేదీన ఫిలిప్పీన్సునుండి 'ఐ లవ్ యూ' అను శీర్షికతో ఒక ఈమెయిలు బయలుదేరెను. ప్రేమలేఖ యనుకొని తెరచినవారి చిరునామాల పట్టికలోని వారందరికి అది తన నకళ్లను తానే పంపుకొనెను. బ్రిటిషు పార్లమెంటు సైతము ఆనాడు తన ఈమెయిలును నిలిపివేయవలసి వచ్చెను. దానిని శిక్షించు చట్టము ఆ దేశమున అప్పటికి లేకపోవుటచే దోషికి శిక్ష పడలేదు.

మన తాయిల్పట్టిలో టపాకాయల పనికి పోవు తలిదండ్రుల కూలిడబ్బు బ్యాంకులో నుండును. ఆ ఫోనులోని ఇంగ్లీషు చదివి చెప్పువారు మీరే. పొరపాటున అట్టిది స్థాపింపబడినచో వెంటనే ఇంటర్నెట్టు ఆపి, వేరొక ఫోనునుండి 1930కిని బ్యాంకునకును తెలుపవలెను. సొమ్ము వేరు ఖాతాలకు మారిపోకమున్నే తెలిపిన, దానిని నిలుపుటకు వీలుండును. బంధువులకును చెప్పుడు, వారి ఫోనులకు ఆ శుభలేఖ అప్పటికే చేరియుండవచ్చును.