ఏలకి పచ్చదనమును కండరపు కదలికయును

పడమటి కనుమల పాదమున, తరతరములుగా ఇంట తెలుగు మాటలాడు కుటుంబములు వసించుచున్న బోడినాయకనూరు ఏలకుల వర్తకమునకు పేరెన్నిక గన్నది. కోసి తెచ్చిన పచ్చికాయలను నూటికి 2 పాళ్లు చాకలిసోడా కలిపిన నీటిలో 10 నిమిషములు నానవేసి, పిమ్మట 45 మొదలు 55 డిగ్రీల వేడిలో ఆరబెట్టినచో వాని పచ్చదనము చాలవరకు నిలుచును. ఏల నిలుచును? అది సోడా గుణమే యనువాడు చూచినదానినే మరల చెప్పుచున్నాడు. పత్రహరితపు అణువు నడుమ ఒక మెగ్నీషియము పరమాణువు గలదు. కాయ వడలి కణములు చెడునపుడు వానిలోని ఆమ్లము ఆ మెగ్నీషియమును వెడలగొట్టి, తన హైడ్రొజనును ఆ చోట నిలుపును. దానితో రంగు గోధుమవన్నెకు తిరుగును. సోడా క్షారము గనుక ఆమ్లపు శక్తిని అణచును.

ఇట్లు ఏ భాగములు, ఏ పనులు, ఏ అమరికలో కూడి ఈ ఫలమును కలిగించుచున్నవో చూపుటయే యంత్రవివరణమని 2000లో మాకమర్, డార్డెన్, క్రేవర్ అను తత్త్వవేత్తలు నిర్వచించిరి. ప్రాణిని గడియారముగా భావించిన పాతకాలపు యాంత్రికవాదము వేఱు, ఇది వేఱు.

ఇట్టి వివరణము ఎట్లు పుట్టి ఎట్లు కూలునో తెలియగోరువారికి, భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి కృషిని మించిన ఉదాహరణము నాకు తోచదు. కండరము ముడుచుకొనుటకు లాక్టిక్ ఆమ్లమే కారణమని ఆనాటి పండితుల విశ్వాసము. కండరశాస్త్రమున కృషికై హిల్, మైయర్‌హాఫ్ గారలకు 1922 నోబెల్ బహుమానము లభించియుండెను. హార్వర్డులో ఫిస్క్ గారితో కూడి సుబ్బారావుగారు భాస్వరమును నీలిరంగుచే కొలుచు పద్ధతిని 1925లో వెలువరించిరి. కండరద్రవమునందు ఆ నీలిమ రావలసిన వేళకు రాక, ఆలస్యముగా ముదురుచుండెను. మఱియొకడైనచో పరీక్ష చెడినదని పాఱబోసియుండును. వారు ఆ ఆలస్యమునే ప్రశ్నించి, ఆమ్లమున మెల్లమెల్లగా విచ్ఛిన్నమగు ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో పట్టుకొనిరి. కండరము పనిచేయునపుడు అది తఱుగును, విశ్రమించినపుడు మరల పెరుగును. 1929లో, కణములకు శక్తినందించు ఏ.టి.పి. యను పదార్థమును జర్మనీలో లోమన్, హార్వర్డులో వీరు వేఱువేఱుగా కనుగొనిరి. మఱుసటి యేడు లుండ్స్‌గార్డ్, విషప్రయోగముచే లాక్టిక్ ఆమ్లము పుట్టకుండ చేసిన కండరము సైతము కొంతసేపు ముడుచుకొనుచున్నదని చూపగా, పాత సిద్ధాంతము కూలెను.

అయినను భాగములను గుర్తించుటతోనే పని ముగియదు. కణమునందు ఏ.టి.పి. ఎట్లు తయారగునని వెదకువారు నడిమి పదార్థ మొకటి యుండునని చిరకాలము గాలించి విఫలులైరి. 1961లో మిచెల్, సన్నని పొరకు ఇరువైపుల హైడ్రొజను అయానుల హెచ్చుతగ్గులలోనే ఆ తయారీకి వలయు శక్తి నిలువయున్నదని ప్రతిపాదించెను. పొరను చీల్చినచో భాగములన్నియు ఉన్నను ఈ మార్గమున ఏ.టి.పి. తయారు కాదు. ప్రాణవ్యాపారము రసాయనమునకు లోబడినదే కాని రసాయనముల కుప్ప కాదని నేను దృఢముగా నమ్ముచున్నాను.

ఉపాధ్యాయులకు నా విన్నపము: పిల్లలచే ఏ.టి.పి. యను పేరును వల్లెవేయించుటకు ముందు, ఆ నీలిరంగు ఆలస్యమేలనో వారినే ఊహింపనిండు.