దినచర్య పుటలలో ఆనందపు జాడ

1826వ సంవత్సరపు శరత్కాలమున, లండను నగరమందలి ఈస్టిండియా కంపెనీ కార్యాలయములో గుమాస్తాగా ఉండి, ఇండియాకు పంపవలసిన ఉత్తరువులకు చిత్తుప్రతులు వ్రాయుచుండిన ఇరువదేండ్ల యువకుడొకడు తన్ను తానొక చిన్న ప్రశ్న అడిగికొనెను: లోకమున తాను కోరుచున్న సంస్కరణములన్నియు ఈ క్షణముననే నెరవేరినచో తనకు ఆనందము కలుగునా? కలుగదని అంతరంగము నిర్మొగమాటముగా బదులు చెప్పెను. ఆతడు జాన్ స్టూవర్టు మిల్లు. మూడవ యేటనే గ్రీకుభాషకు ఓనమాలు దిద్ది, అత్యధికజనులకు అత్యధికసుఖమే ధర్మమునకు కొలబద్ద యని బోధించిన బెంథాము నీడలో పెరిగి, సుఖశాస్త్రమంతయు కంఠస్థము చేసియు, తన సుఖమేదియో ఎరుగనివాడయ్యెను. ఆ విషాదమునుండి ఆతనిని కొంత తేర్చినవి 1828లో చదివిన వర్డ్స్వర్తు కవితలు. ఆనందమును సూటిగా వేటాడువానికి అది దొరకదనియు, మరియొక పనియందు లగ్నమైనవానికి త్రోవలో తటస్థించుననియు ఆయన తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను.

సరిగా నూరేండ్లకు, 1926లో, ఇరువదియారేండ్ల ఆంగ్లవనిత యొకతె ఇదే చిక్కును వేరొక కొసనుండి విప్పబూనెను. ఈమె మారియన్ మిల్నరు, మనస్తత్త్వశాస్త్రమున పట్టభద్రురాలు. చదువు కలదు, ఉద్యోగము కలదు, అయినను తన కోరికలలో తనవెన్నో, ఇరుగుపొరుగును జూచి అరువు తెచ్చికొన్నవెన్నో తేల్చికొనలేక, దినదినము తనకు నిజముగా సంతోషము కూర్చినదానిని ఒక పుస్తకములో వ్రాసికొనసాగెను. ఆ పరిశోధనయే 1934లో, జోవన్నా ఫీల్డు అను మారుపేరుతో, గ్రంథమై వెలువడెను. ఆమె ఈ అభ్యాసమును అంతటితో విడువలేదు. ఎనుబదియేడవ యేట, 1987లో, దినచర్య వ్రాయుటను గూర్చియే మరల నొక పుస్తకము ప్రకటించెను.

ఆమెకు చేజిక్కినవి సిద్ధాంతములకంటె ఆశ్చర్యములే ఎక్కువ. ముఖ్యమని తలచినవి కాగితముపై వెలవెలబోయెను. లెక్కకు రావనుకొన్న చూపులు, చప్పుళ్లు నిలిచి వెలిగెను. సంతోషము వస్తువునకంటె, దానిని గాంచు తీరునకే ఎక్కువగా లోబడియుండుటయు ఆమెకు తెలియవచ్చెను. అవధానము రెండు రీతులదట. సూదిలో దారమెక్కించువాని చూపువలె, తనకు పనికివచ్చుదానిని మాత్రమే పట్టి తక్కినదానిని త్రోసివేయునది యొకటి. ఏమియు కోరక, చెరువునీటివలె నలుగడలకు పరచుకొనునది మరియొకటి. కచేరీలో కూర్చుండి రేపటి పనులు నెమరువేయువానికి పాట చెవిసోకదు; మనస్సును ఆ నాదములోనికి పంపగానే అదే పాట వేరొక పాటయగును.

సంతోషమునే వెదకి చూడుమను ఈ మాట వినగానే, మేలైన శ్రేయస్సును ప్రియమైన ప్రేయస్సును వేరుపరచిన కఠోపనిషత్తును జ్ఞాపకము చేయువారు మనలో కలరు. చేయవలసినదే. కాని తైత్తిరీయోపనిషత్తున భృగువు అన్నమును, ప్రాణమును, మనస్సును, విజ్ఞానమును ఒక్కొక్కటిగా పరీక్షించి, మాటిమాటికి తపస్సు చేసి, తుదకు ఆనందమును చేరినాడు గాని, దానిని ముందే ఊహించికొని బయలుదేరలేదు. మిల్నరు పుస్తకము ఆ పరీక్షకు సంసారపక్షపు రూపమని నేననుట కొందరికి సాహసముగా తోపవచ్చును. అట్లని ప్రతిపనికిని సంతోషమునే అడుగుమనుట కాదు; జ్వరపడిన బిడ్డ తలాపున కూర్చుండుటకు ఎవ్వరును తమ సంతోషమును సంప్రదింపరు. ఇక్కడి ప్రశ్న కర్తవ్యములు పోగా మిగిలిన గంటలది, రూపాయలది, ఒప్పుకొనవలెనో వలదో తెలియని ఆహ్వానములది.

నేనును ఒక మాసము అట్టి పుస్తకము పెట్టి చూచితిని. ఎడమపుటలో ఉదయము కోరినది, కుడిపుటలో రాత్రికి తేలినది. ఒకనాటి ఎడమపుటలో సభాధ్యక్షత యున్నది. కుడిపుటలో పూలదండ మెడను గీరినదనియు, ఇంటికి వచ్చి చల్లారిన చారు త్రాగితిననియు మాత్రమే కలదు. మరునాటి ఎడమపుట ఖాళీ. కుడిపుటలో, మైదాపిండి జిగురు కాచి, చిరిగిన పుస్తకములకు అట్టలు వేయుచు భోజనవేళ మరచిన మధ్యాహ్నమొకటి చేరినది. నెల తిరుగునప్పటికి సభల పిలుపులు సగము మానితిని. జిగురుగిన్నె వంటింటినుండి నా గదిలోనికి శాశ్వతముగా వలసవచ్చినది. ఆ గిన్నెను గూర్చిన తగవు మా యింట ఇంకను తెమలలేదు.