కంప్యూటరు చదివే అక్షరం

ఆళ్లగడ్డ పేరును రాసేటప్పుడు కొందరు ళకారం కింద లకారపు వత్తు ఇస్తారు. మరికొందరు ళకారపు వత్తునే ఇస్తారు. ఆ మండలంలోనే ఉన్న నరసింహక్షేత్రాన్ని అహోబిలమనేవారూ ఉన్నారు, అహోబలమనేవారూ ఉన్నారు. రెండు రూపాలకూ పెద్దలు వ్యుత్పత్తులు చెప్పారు. చదువరికి ఈ భేదాలు అడ్డురావు. సందర్భాన్ని బట్టి అర్థం చేసుకొని ముందుకు సాగిపోతాడు. కంప్యూటరుకు మాత్రం ఆళ్లగడ్డ, ఆళ్ళగడ్డ అనేవి రెండు వేర్వేరు మాటలు. ఈ ఒక్క సంగతిని గ్రహించినవారికి ఈ-మెయిల్లోనూ డేటాబేసులోనూ నిత్యం ఎదురయ్యే చిక్కుల్లో అనేకం సులువుగా విడిపోతాయి.

కంప్యూటరు దృష్టిలో అక్షరమంటే ఆకారం కాదు, సంఖ్య. ప్రపంచ లిపులన్నింటికీ ఉమ్మడిగా రూపొందిన యూనికోడ్ ప్రమాణం తొలి రూపం 1991లో వెలువడింది. అందులోనే తెలుగుకూ చోటు దక్కింది. మన లిపికి కేటాయించిన స్థానాలు 128. పట్టికలో ఒక పేరును వెదకమన్నప్పుడు యంత్రం ఆ సంఖ్యల వరుసను పోల్చి చూస్తుందే గాని అర్థం జోలికి పోదు. పేరు చివర పొరపాటున పడిన ఖాళీ స్థలం మన కంటికి కనిపించదు. దానికి అదీ ఒక అక్షరమే.

ఈ చిక్కు ప్రాచీన గ్రంథ పరిష్కర్తలకు కొత్తది కాదు. సి.పి. బ్రౌన్ (1798–1884) కడపలో పండితులను నియమించి, ఒకే కావ్యానికి చెందిన పలు వ్రాతప్రతులను పోల్చి చూపించి శుద్ధప్రతులు సిద్ధం చేయించాడు. లేఖకుల చేతిలో ఒక్కొక్క ప్రతి ఒక్కొక్క తీరుగా మారి ఉండేది. నేటి విద్యార్థి పేరు కూడా అలాగే పలు ప్రతులలో పలు పాఠాలతో ఉంటున్నది. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు వచ్చి చదువుకునే ఒక విద్యార్థినిని ఊహించుకోండి. పదవ తరగతి ధ్రువపత్రంలో లక్ష్మీప్రసన్న అని కలిపి ఉంది. ఆధార్‌లో లక్ష్మీ, ప్రసన్న అని విడివిడిగా ఉంది. బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు చివరికి చేరింది. ఉపకారవేతనానికి దరఖాస్తు చేస్తే వివరాలు సరిపోలలేదని సమాధానం వస్తుంది. గడువు రెండు రోజులే ఉంటుంది. ఆ వేతనం ఆగిపోతే ఆ యేటి రుసుము భారమంతా ఇంటివారి మీద పడుతుంది.

కనుక గడువు రాకముందే ఒక పని చేయాలి. పదవ తరగతి ధ్రువపత్రాన్ని మూలప్రతిగా పెట్టుకొని, మిగిలిన పత్రాలలోని పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అక్షరమక్షరం దానితో పోల్చి, తేడా ఉన్నచోట ముందుగానే సవరణకు దరఖాస్తు చేసుకోవాలి. జిల్లా పేరు విషయంలో మాత్రం అనవసరంగా కంగారు పడుతుంటారు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడింది. అంతకుముందు నంద్యాల, ఆళ్లగడ్డ రెండూ కర్నూలు జిల్లాలోనివి. పాత పత్రంలో కర్నూలు అని ఉంటే అది దోషం కాదు, నాటికి అదే నిజం. పాత పత్రం వివరాలు అడిగిన గడిలో పత్రంలో ఉన్నట్టే రాయాలి. నేటి చిరునామా అడిగిన గడిలో నంద్యాల జిల్లా అని రాయాలి. నంద్యాల పిన్‌కోడ్ 518501, ఆళ్లగడ్డ పిన్‌కోడ్ 518543 జిల్లాతోపాటు మారలేదు.

కళాశాలలో జాబితాలు తయారుచేసేవారికి ఎక్సెల్ మరొక చిక్కు తెచ్చిపెడుతుంది. నంద్యాల ఎస్.టి.డి. కోడ్ 08514 అని టైపు చేయగానే మొదటి సున్నా మాయమవుతుంది. దాన్ని లెక్కించవలసిన సంఖ్యగా యంత్రం భావించడమే దీనికి కారణం. 15 అంకెలకు మించిన ఖాతా సంఖ్య అయితే ఆ పైనున్న అంకెలన్నీ సున్నాలైపోతాయి. తరువాత ఏం చేసినా అవి తిరిగి రావు. టైపు చేయకముందే ఆ నిలువు వరుసను ‘టెక్స్ట్’గా మార్చుకోవడమే దీనికి ఉపాయం. వెదికినప్పుడు పేరు దొరకకపోతే మొత్తం మాటకు బదులు దానిలో నిస్సందేహమైన భాగాన్ని మాత్రమే ఇచ్చి చూడాలి. ‘గడ్డ’ అని వెదికితే రెండు రకాల ఆళ్లగడ్డలూ బయటపడతాయి.

ఇక ఈ-మెయిల్. తెలుగులో వచ్చిన ఉత్తరం చదవలేని రూపంలో కనబడితే వెంటనే తొలగించవద్దు; లక్షణాన్ని బట్టి నిదానం చేయాలి. అక్షరాల స్థానంలో చిన్న చిన్న గళ్లు కనిపిస్తే ఉత్తరం క్షేమమే, మీ యంత్రంలో తెలుగు ఫాంటు లేదన్నమాట. అర్థం లేని రోమన్ అక్షరాలు కనిపిస్తే పంపినవారు యూనికోడ్ కాని పాత ఫాంటు వాడి ఉండవచ్చు. యూనికోడ్‌లోకి మార్చి గాని, పీడీఎఫ్‌గా గాని పంపమని అడగాలి. వరుసగా ప్రశ్నార్థకాలే కనిపిస్తే మాత్రం దారిలోనే అక్షరాలు నశించాయి. మళ్లీ పంపించుకోక తప్పదు.

చిరునామాలో ఒక అక్షరం తప్పితే ఉత్తరం తిరిగి వస్తుందని చాలామంది ధీమాగా ఉంటారు. అటువంటి చిరునామా ఎవరికీ లేనప్పుడే అది తిరిగి వస్తుంది. వేరొకరికి ఉంటే నిశ్శబ్దంగా వారికి చేరిపోతుంది. మార్కుల పత్రాలు, ఆధార్ ప్రతులు పంపేముందు మరొక్కసారి చూసుకోవడానికి ఇంతకంటే కారణం అక్కరలేదు. రావలసిన ఉత్తరం రాకపోతే స్పామ్ అరలో చూడాలి. జీమెయిల్‌లో ఆ అరలోనివి 30 రోజుల తరువాత వాటంతటవే తొలగిపోతాయి. ఉచితంగా లభించే 15 జీబీ స్థలం ఫొటోలతో నిండిపోయినా కొత్త ఉత్తరాలు అందవు.

అక్షరభేదాన్ని మోసగాళ్లు కూడా వాడుకుంటారు. ఇంగ్లీషు చిన్న ‘ఎల్’ ఉండవలసినచోట 1 అంకె వేసి, బ్యాంకు పేరును పోలిన చిరునామాతో ఉత్తరం పంపుతారు. అటువంటిచోట లింకు నొక్కకూడదు, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు. డబ్బు పోయినట్లు తెలిస్తే ఆలస్యం చేయక 1930కి ఫోను చేయాలి. నెట్ సెంటరులో పని ముగించి లేచేటప్పుడు ఖాతానుంచి సైన్ అవుట్ కావాలి. ఫోను నంబరు మార్చదలచినవారు పాత సిమ్ పనిచేస్తుండగానే ఈ-మెయిల్, బ్యాంకు, ఆధార్ మూడింటిలోనూ కొత్త నంబరు నమోదు చేయించుకోవాలి. ఆ తరువాతే పాతది వదిలివేయాలి.