గేరుబాక్సు గోల - గట్టెక్కించిన కాగితం

కారు సంగతులు ఆడవాళ్లకెందుకని నేనూ అనుకునేదాన్ని. కానీ మా గోదావరిఖనిలో బాయి పని చేసేవాళ్ల ఇళ్లల్లో కారు కొనడమంటే మాటలా! ఏళ్ల తరబడి లాభాల వాటా, బోనసు కూడబెట్టాలి. అది చెడితే పోయేది మన ఇంటి డబ్బే కదా! అందుకే మీకు ఈ నాలుగు మాటలు.

మొదటి సర్వీసుకు తీసుకెళ్లినప్పుడే మా బండి మూడో గేరులో గరగరమనేది. మావారు నోటిమాటగా చెప్పారు. "కొత్త బండి సార్, నడవంగ నడవంగ సెట్ అయితది" అన్నారు. నమ్మి వచ్చేశాం. ఏడాది తిరిగేసరికి గేరు దానంతటదే జారి న్యూట్రల్‌లోకి వచ్చేది. ఆ రోజు మావారికి ఫస్టు షిఫ్టు. మా అబ్బాయిని వెంటబెట్టుకుని నేనే వెళ్లాను. "చెప్పింది కార్డు మీద రాయండి" అని పట్టుబట్టాను. విసుక్కుంటూనే రాశారు, ఏదో బిగించి పంపారు.

వారంటీ ముగిసిన పదకొండో రోజున బండి రాజీవ్ రహదారి మీద ఆగిపోయింది. గేరుబాక్సు విప్పి అరవై వేలన్నారు. వారంటీ లేదు, పైగా క్లచ్ మీద కాలు పెట్టి నడిపారని తప్పు మా మీదికే నెట్టారు. ఆ డబ్బు మా అమ్మాయి కాలేజీ ఫీజుకని దాచింది! పే స్లిప్పుల సంచిలోంచి పాత జాబ్ కార్డు తీసి చూపించాను. "వారంటీలో ఉన్నప్పుడే చెప్పినం, ఇది మీ రాతే కదా" అన్నాను. మూడు వారాలు తిప్పించుకుని, సామాన్లు ఉచితంగా వేశారు. ఆయిలుకు, కూలికి మాత్రం మేం కట్టాం.

ఇందులో తెలుసుకోవలసింది ఒకటుంది. మిక్సీ జారు కింద రబ్బరు అరిగితే మోటారు తిరుగుతుంది గానీ జారు తిరగదు. క్లచ్ ప్లేటు అరిగినా అంతే. వాడకంలో అరిగేది కాబట్టి సాధారణంగా వారంటీ వర్తించదు. గేరుబాక్సు లోపలి గేర్లు, బేరింగులు వేరు. అందుకే "గేరు పోయింది" అంటే ఊరుకోకండి. ఏ భాగం పోయింది, ఎందుకు పోయిందో రాసిమ్మనండి. విప్పిన భాగం చూపించమనండి, ఫొటో తీసుకోండి.

మాట వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మనం ఉండే చోటే ఫిర్యాదు చేయవచ్చు, వకీలు తప్పనిసరి కాదు. సమస్య వచ్చిన రెండేళ్లలోపు వేయాలి. చెల్లించిన ధర ఐదు లక్షలలోపైతే ఫీజు లేదు, పది లక్షలలోపైతే 200 రూపాయలు.

అయితే అత్యాశ వద్దు. చెడిన భాగాన్ని బాగుచేస్తాం లేదా మారుస్తాం అని మాత్రమే వారంటీలో ఉంటే, కారునే మార్చమనడం కుదరదని 2006లో మారుతీ ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి కారు కొనేటప్పుడే ఆ పుస్తకం చదవండి.

ఆవకాయ జాడీ ఏ ఏడాదిదో గుర్తు పెట్టుకునే మనకు, బండి కాగితం మీద తేదీ చూసుకోవడం ఏమంత కష్టం చెప్పండి?